17 ఏళ్ల నాటి క్యాసెట్ ఆడింది.. 10 ఏళ్ల నాటి ఫోన్ గేమ్ ఆడలేదు!

ఈ సంక్రాంతికి గుడివాడ వెళ్లినప్పుడు, భోగిమంటలో వేయడానికి పనికొచ్చే పాత సామాన్లు ఏమైనా ఉన్నాయేమో చూడమని అమ్మ నన్ను అటక ఎక్కించింది. ఒక కాలు విరిగిన కుర్చీ దొరికింది. దాని వెనకాల ఒక అట్టపెట్టె. పైన స్కెచ్ పెన్‌తో "ఎవరూ ముట్టుకోకూడదు" అని రాసి ఉంది. చేతిరాత నాదే. ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా అక్క కోసం రాసిన వార్నింగ్ అది.

కుర్చీ భోగిమంటలోకి వెళ్లింది. పెట్టె మాత్రం హాల్లోకి వచ్చింది.

లోపల ఏమున్నాయో చెప్తే మీలో చాలామందికి మీ సొంత పెట్టె గుర్తొస్తుంది. తాడు లేని బొంగరం ఒకటి. హార్లిక్స్ సీసాలో గోలీలు. సగం పోగా మిగిలిన డబ్ల్యూడబ్ల్యూఈ కార్డులు. "9999 ఇన్ 1" అని రాసి ఉన్న బ్రిక్ గేమ్. టీవీకి పెట్టుకునే వీడియో గేమ్, మూడు పసుపు క్యాసెట్లు, రెండు రిమోట్లు, ఒక తుపాకీ. అన్నిటికంటే పైన, తర్వాతెప్పుడో అమ్మ అందులో పడేసిన నా మొదటి ఆండ్రాయిడ్ ఫోన్, చార్జర్‌తో సహా.

మా అక్క కొడుకు, ఎనిమిదేళ్లవాడు, అప్పటికే పెట్టెలో తలదూర్చేశాడు. "మామయ్యా, ఇవన్నీ పనిచేస్తాయా?" అన్నాడు.

కొత్త ఫోన్ చేతికొస్తే బెంచ్‌మార్కులు రన్ చేసి చూడటం మనకు అలవాటే కదా. సరే, ఈ పెట్టెకి కూడా ఒక రివ్యూ చేద్దాం అనుకున్నా. పండగ మూడు రోజులూ అదే పని. ఆ రివ్యూ రిజల్ట్ నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతోంది. ఎందుకో చెప్తాను.

బ్రిక్ గేమ్, టీవీ గేమ్: పాస్

బొంగరం, గోలీల గురించి రాయడానికేమీ లేదు. కొబ్బరితాడు పురి చుట్టి విసిరితే బొంగరం తిరిగింది. నాకే చెయ్యి తిరగలేదు, నాలుగోసారికి గానీ కుదరలేదు.

బ్రిక్ గేమ్‌లో పాత సెల్స్ కారిపోయి స్ప్రింగ్‌కి పచ్చగా తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, రెండు కొత్త పెన్సిల్ సెల్స్ వేస్తే "టింగ్ టిటింగ్" అంటూ లేచింది. ఇందులో ఉన్నది అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో తయారుచేసిన టెట్రిస్ ఆటకి కాపీ. 9999 ఆటలు అన్నది పచ్చి అబద్ధం. పది, పన్నెండు ఆటలనే స్పీడు మార్చి, లెవెల్ మార్చి 9999 అని రాసేశారు. చిన్నప్పుడు నేను నిజంగానే నంబర్లు మార్చుకుంటూ 9999వ ఆట దాకా వెళ్లాలని చూశాను. వేసవి సెలవులు అయిపోయాయి గానీ అక్కడికి చేరలేదు.

ఇక టీవీ గేమ్. 2008లో విజయవాడ బీసెంట్ రోడ్డులో నాన్న బేరమాడి 450 రూపాయలకు కొన్నది. అడాప్టర్ వైరు తెగిపోయి ఉంటే, మా వీధి చివర ఎలక్ట్రికల్ షాపాయన ఐదు నిమిషాల్లో అతికి 30 రూపాయలు తీసుకున్నాడు. పసుపు పిన్ను, తెల్ల పిన్ను మా ఎల్‌ఈడీ టీవీ వెనకాల పెట్టాం. క్యాసెట్ పెట్టి ఆన్ చేస్తే స్క్రీన్ నిండా గీతలు. తీసి, ఉఫ్ అని ఊది, మళ్లీ పెట్టా. మారియో వచ్చేశాడు!

ఊదితే ఎందుకు పనిచేస్తుందో తెలుసా? నిజానికి ఊదడం వల్ల కాదు. క్యాసెట్ తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు సరిగ్గా ఆనుకుంటాయి, అంతే. ఊదితే నోటి తడి తగిలి ఆ పిన్నులు ఇంకా తొందరగా తుప్పు పడతాయి. ఇది తెలిసి కూడా ఊదాను. చేతికి అలవాటైపోయింది మరి.

తుపాకీ మాత్రం పనిచేయలేదు. బాతు ముక్కు దగ్గర పెట్టి కొట్టినా కుక్క లేచి నవ్వుతోంది. ఇది తుపాకీ తప్పు కాదు. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లగా అయ్యి, తర్వాత బాతు ఉన్న చోట తెల్ల డబ్బా వస్తుంది. తుపాకీ గొట్టంలో ఉన్న లైట్ సెన్సర్‌కి ఆ తెలుపు కనిపిస్తే తగిలినట్టు లెక్క. అంటే తుపాకీ ఏమీ కాల్చదు, టీవీనే చూస్తుంది. పాత డబ్బా టీవీలో సిగ్నల్ రాగానే బొమ్మ పడుతుంది. ఎల్‌ఈడీ టీవీ ఆ బొమ్మని ప్రాసెస్ చేసి చూపించడానికి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది. ఆ లోపు తుపాకీ చూడాల్సిన సమయం దాటిపోతుంది. పక్కింటి అత్తయ్యగారి వెనక గదిలో పాత డబ్బా టీవీ ఉందని గుర్తొచ్చి అక్కడికి మోసుకెళ్లాం. మొదటి గుండుకే బాతు పడింది. ఎనిమిదేళ్లవాడు ఎగిరిన ఎగురుడికి అత్తయ్యగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు.

కాసేపయ్యాక వాడు నన్ను ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు.

"దీనికి లాగిన్ లేదా మామయ్యా?"

"లేదురా."

"యాడ్స్?"

"రావు."

"వైఫై?"

"అక్కర్లేదు."

కొంచెంసేపు ఆలోచించి అడిగాడు. "మరి వాళ్లకి డబ్బులెలా వస్తాయి?"

"మీ తాతయ్య బీసెంట్ రోడ్డులో 450 ఇచ్చేశాడు. అంతే, అయిపోయింది."

ఈ "అయిపోయింది" అన్న మాట వాడికి అర్థం కాలేదు. ఆటకి డబ్బులివ్వడం ఒకసారితో అయిపోతుందని వాడు ఎప్పుడూ చూడలేదు.

మొదటి ఫోన్: ఫెయిల్

చివరగా ఫోన్. 2015లో, బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో చేరినప్పుడు కొనిచ్చింది. వెనక మూత తీసి బ్యాటరీ మార్చుకునే రకం. చార్జింగ్ పెట్టి అరగంట ఆగితే ఆన్ అయ్యింది. వాల్‌పేపర్ చూసి సిగ్గేసింది, అది వేరే విషయం. హోమ్ స్క్రీన్ మీద నాకిష్టమైన కార్ రేసింగ్ గేమ్ ఐకాన్ అలాగే ఉంది.

ఆ గేమ్ పేరు చెప్పను. హాస్టల్లో మా రూమ్‌లో నలుగురం ఆడేవాళ్లం. ఒకడు రేసు పూర్తిచేస్తే వాడి టైమింగ్‌తో ఒక నీడ కారు మిగతావాళ్లకి ట్రాక్ మీద కనిపించేది. దాన్ని దాటాలి. రాత్రి 1 గంట దాకా ఒకడి నీడని ఒకడు తరుముకునేవాళ్లం. ఇప్పుడు ఆ నలుగురిలో ఒకడు డాలస్‌లో, ఇద్దరు బెంగళూరులో. ఆ నీడ కార్లు ఇంకా ఉంటాయేమో, ఒక వీడియో తీసి గ్రూపులో పెడదాం అనుకున్నా.

ఐకాన్ నొక్కితే లోగో వచ్చింది, మ్యూజిక్ వచ్చింది. తర్వాత ఒక చిన్న డబ్బా: సర్వర్‌తో కనెక్ట్ కాలేకపోతున్నాం, మళ్లీ ప్రయత్నించండి. కింద "రీట్రై" బటన్. నొక్కాను. అదే డబ్బా. వైఫై మార్చి నొక్కాను. అదే. ప్లే స్టోర్‌లో వెతికితే ఆ గేమే లేదు. ఎప్పుడో మూసేశారు.

కార్లు, ట్రాకులు, శబ్దాలు అన్నీ ఆ ఫోన్ స్టోరేజ్‌లో ఇప్పటికీ ఉన్నాయి, 600 ఎంబీ పైనే. ఒంటరిగా ఒక రేసు వేసుకోవడానికి సర్వర్‌తో పనే లేదు. కానీ తలుపు దగ్గర లాగిన్ అడిగే సర్వర్ పోయింది కాబట్టి ఇల్లంతా ఉండి కూడా తాళం రాదు.

పోనీ ఆ ఫైల్‌ని కొత్త ఫోన్‌లోకి కాపీ చేద్దామా? అక్కడ ఇంకో గోడ ఉంది. అప్పటి గేమ్స్ చాలావరకు 32 బిట్. ఆపిల్ 2017లో ఐఓఎస్ 11తో 32 బిట్ యాప్స్‌కి తలుపు మూసేసింది. ఆండ్రాయిడ్ వైపు 2022లో వచ్చిన పిక్సెల్ 7తో 64 బిట్ యాప్స్ మాత్రమే నడిచే ఫోన్లు మొదలయ్యాయి. దీనికి మంచి కారణాలే ఉన్నాయి. మెమరీ ఆదా అవుతుంది, సెక్యూరిటీ మెరుగవుతుంది. ఇంజనీర్‌గా నాకు ఆ నిర్ణయం తప్పనిపించదు. కానీ డెవలపర్ వదిలేసిన ఆటకి కొత్త వెర్షన్ ఎవరు తయారుచేస్తారు?

నోస్టాల్జియా కళ్లద్దాలు తీసి చూద్దాం

"మా కాలమే బంగారం" అని చెప్పడానికి ఇది రాయట్లేదు. నాకు 27 ఏళ్లే, అప్పుడే ఆ డైలాగు కొడితే బాగోదు. మా అల్లుడు ట్యాబ్‌లో ఆడే ఆటలు మా క్యాసెట్ల కంటే వంద రెట్లు బాగుంటాయి. మా ఆటల్లో సేవ్ అనేదే లేదు. కాంట్రాలో చివరి లెవెల్‌లో ఉన్నప్పుడు కరెంట్ పోతే మళ్లీ మొదటి నుంచే. పైపైకి, కిందకిందకి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ నొక్కితే 30 లైఫ్‌లు వస్తాయన్న రహస్యం చెప్పినందుకు మా క్లాస్‌మేట్ ఒకడు నా దగ్గర మూడు ట్రంప్ కార్డులు తీసుకున్నాడు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మన వీధుల్లో అమ్మిన ఆ డబ్బాలు నింటెండో 1983 జూలైలో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌కి కాపీలు. క్యాసెట్లలో ఆటలు కూడా దొంగ కాపీలే. మారియో తయారుచేసినవాళ్లకి మా నాన్న ఇచ్చిన 450లో ఒక్క రూపాయి కూడా వెళ్లి ఉండదు. డెవలపర్‌గా అది గర్వపడే విషయం కాదు.

అయినా ఆ డబ్బా ఎందుకు బతికిందో చూడాలి. ఫామికామ్‌లో ప్రాసెసర్ వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్, మెయిన్ మెమరీ 2 కేబీ. 1985 నాటి సూపర్ మారియో ఆట మొత్తం 40 కేబీ. మన ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్‌మార్నింగ్ ఫొటో దీనికంటే పెద్దగా ఉంటుంది. ఆ 40 కేబీ క్యాసెట్ చిప్‌లో శాశ్వతంగా రాసి ఉంటుంది. కరెంట్ ఇస్తే చాలు, ఆట మొదలు. ఎవరి పర్మిషన్ అడగాల్సిన పని లేదు. ఆట నడవడానికి కావల్సినవన్నీ మన చేతిలోనే ఉన్నాయి. అది ఎవరి మంచితనమూ కాదు, అప్పట్లో వేరే దారి లేదు. కానీ దాని వల్ల మా అల్లుడి చేతికి నా ఆట అందింది.

మా ఇంట్లో సంక్రాంతికి అమ్మ బొమ్మల కొలువు పెడుతుంది. అందులో అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి బొమ్మలు ఉంటాయి. రంగు కొంచెం వెలిసింది, ఒక ఏనుగుకి తొండం లేదు. అయినా ప్రతి ఏడూ మెట్టు మీద కూర్చుంటాయి. బొమ్మ అంటే ఒకరి తర్వాత ఒకరికి వెళ్లేది. మన తరం ఫోన్లో ఆడిన ఆటల్లో అలా ఇవ్వగలిగేవి ఎన్ని?

ఆ టికెట్ నా పేరు మీదే ఉంది

ఇక్కడిదాకా చదివి "కంపెనీలంతే, దుర్మార్గులు" అనుకోవద్దు. అందులో నేనూ ఉన్నా.

2022లో నా మొదటి ఉద్యోగంలో, పిల్లల పజిల్స్ యాప్ ఒకటి మా టీమ్ చూసేది. వాడేవాళ్లు తగ్గిపోయారు, సర్వర్ బిల్లు మాత్రం తగ్గలేదు. మూసేయాలని నిర్ణయించారు. సర్వర్లు ఆపే టికెట్ నాకు వచ్చింది. పజిల్స్ అన్నీ యాప్‌లోనే పెట్టేసి ఇంటర్నెట్ లేకుండా నడిచేలా చివరి అప్‌డేట్ ఒకటి ఇద్దామని అడిగాను. ఎనిమిది రోజుల పని అని లెక్క కూడా వేశాను. ఎలాగూ మూసేసే దానికి ఎనిమిది రోజులెందుకు అన్నారు. నేను రెండోసారి అడగలేదు. కొత్త ఉద్యోగం, ప్రొబేషన్. శుక్రవారం సాయంత్రం ఆపేశాను. ఆ స్ప్రింట్ డెమోలో నాకు చప్పట్లు కూడా కొట్టారు.

అడ్రస్ మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచాం, "సేవ నిలిపివేయబడింది" అన్న జవాబు ఇవ్వడానికి. దాని లాగ్స్ చూసే పని కూడా నాదే. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య రిక్వెస్టులు వస్తూనే ఉండేవి. స్కూల్ నుంచి వచ్చే టైమ్ అది. ఒక డివైస్ నుంచి ఒకే సాయంత్రం ముప్పై సార్లకు పైగా. రీట్రై, రీట్రై, రీట్రై. మర్నాడు మళ్లీ. మూడు వారాలకు ఆ అడ్రస్ కూడా తీసేశాం కాబట్టి తర్వాత ఎన్నిసార్లు నొక్కారో తెలియదు.

అప్పుడు అది నాకు గ్రాఫ్ మీద ఒక చిన్న గీత. ఈ పండక్కి పాత ఫోన్ పట్టుకుని నేనే రీట్రై నొక్కుతుంటే ఆ గీత గుర్తొచ్చింది.

ఇది మన ఒక్కరి బాధ కాదు

2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ అమెరికాలో ఒక అధ్యయనం చేసింది. 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకడం లేదని తేల్చింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ప్లేయర్ ఆగిపోయినప్పుడు, మనం ఇంటర్నెట్ సెంటర్లో గంటకు 15 రూపాయలిచ్చి ఆడిన ఆటలన్నీ ఒక్కసారిగా పోవాల్సింది. ఫ్లాష్‌పాయింట్, రఫుల్ లాంటి ప్రాజెక్టుల్లో వాలంటీర్లు కూర్చుని పనిచేశారు కాబట్టి వాటిలో చాలా ఆటలు ఇప్పటికీ ఆడుకోవచ్చు.

2024 మార్చి 31న ఉబీసాఫ్ట్ "ది క్రూ" అనే రేసింగ్ గేమ్ సర్వర్లు ఆపేసింది. డబ్బులిచ్చి కొన్నవాళ్లు కూడా ఆడలేని పరిస్థితి. ఆ కోపంలోంచి "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ఉద్యమం పుట్టింది. సర్వర్లు ఎప్పటికీ నడపమని వాళ్లు అడగట్లేదు. ఆపేటప్పుడు, కొన్నవాడు ఆడుకునే స్థితిలో ఆటని వదిలి వెళ్లమంటున్నారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. డిజిటల్ స్టోర్లు "కొనండి" అని రాయాలంటే, మీకు దక్కేది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా డౌన్‌లోడ్ చేసుకుని ఆఫ్‌లైన్‌లో వాడుకోగలిగే వాటికి ఈ నిబంధన లేదు. అంటే తేడా ఎక్కడుందో చట్టానికి కూడా అర్థమైంది.

మనం చేయగలిగింది

మొదటిది, కొనేవాళ్లుగా. గేమ్ అయినా గ్యాడ్జెట్ అయినా డబ్బులు పెట్టేముందు ఒకసారి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తెరవండి. ఏది తెరుచుకుంటుందో అది మీది. తెరుచుకోనిది అద్దెకి తీసుకున్నది. అద్దెకి తీసుకోవడం తప్పేమీ కాదు, అద్దె అని తెలిసి తీసుకోవాలి. నలుగురు ఆన్‌లైన్‌లో కలిసి ఆడే ఆటకి సర్వర్ కావాలి, ఒప్పుకుంటా. ఒక్కడే కూర్చుని పజిల్ పెట్టుకోవడానికి ఎందుకు?

రెండోది, రివ్యూలు రాసేవాళ్లుగా. కెమెరాకి ఇంత, బ్యాటరీకి ఇంత అని మార్కులేస్తాం. పిల్లల రోబో బొమ్మలు, స్మార్ట్ బొమ్మలు, గేమ్స్ రివ్యూ చేసేటప్పుడు ఇంకో లైను రాద్దాం: కంపెనీ మూతపడితే ఇందులో ఎంత పనిచేస్తుంది? దీన్ని టెస్ట్ చేయడానికి ల్యాబ్ అక్కర్లేదు, రౌటర్ ఆపేస్తే చాలు.

మూడోది నాలాంటివాళ్లకి. మనలో చాలామందికి ఏదో ఒకరోజు ఆ టికెట్ వస్తుంది. ఆ రోజు చివరి ఆఫ్‌లైన్ అప్‌డేట్ గురించి రెండోసారి కూడా అడగండి. కాదంటే కాదంటారు, అంతకంటే ఏమీ కాదు. నేను అడగలేదు, అదే నా బాధ.

కనుమ మర్నాడు తిరుగు ప్రయాణం. బ్యాగులు సర్దుతుంటే మా అల్లుడు ట్యాబ్ తెచ్చి తన ఊరు చూపించాడు. రెండేళ్లుగా కట్టుకుంటున్నాడట. చెరువు, రైల్వే స్టేషన్, వాళ్ల స్కూలు, గుడివాడలో మా ఇల్లు కూడా ఉంది, అటకతో సహా. "ఇది కూడా నీ కార్ గేమ్‌లా పోతుందా మామయ్యా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పాలనిపించలేదు. పోవచ్చురా అన్నాను. ఇద్దరం కూర్చుని ఊరంతా ఒక చివర నుంచి ఇంకో చివరకి స్క్రీన్‌షాట్లు తీశాం, 64 వచ్చాయి. హైదరాబాద్ వచ్చాక ప్రింట్ వేయించి వాడికి పంపించాను.

టీవీ గేమ్ ఇప్పుడు వాళ్లింట్లో ఉంది. అట్టపెట్టె మీద నా వార్నింగ్ కింద వాడు కూడా తన పేరు రాసుకున్నాడని అక్క ఫొటో పెట్టింది.